గంటలు రాయని కాగితం

న్యూజిలాండ్ దక్షిణ దీవిలో వాకటిపు సరస్సు ఒడ్డున ఉన్న క్వీన్స్‌టౌన్‌లో మాకు చిన్న క్యాఫే ఉంది. చలికాలంలో మంచు ఆటలకూ, వేసవిలో కొండలెక్కడానికీ జనం వచ్చే ఊరిది. ఇక్కడ కాఫీ కలిపేవాళ్లలో, హోటల్ గదులు సర్దేవాళ్లలో, గిన్నెలు కడిగేవాళ్లలో చాలామంది వర్కింగ్ హాలిడే వీసా (యువత కొన్నాళ్లు పనిచేస్తూ దేశం చూసేందుకు ఇచ్చేది) మీద వచ్చే పిల్లలే. అర్జెంటీనా, చిలీ, ఫ్రాన్స్, బ్రిటన్, జపాన్ నుంచి వస్తారు. చాలామందికి వీసా ఏడాదే. వాళ్లు లేకపోతే ఈ ఊళ్లో పొయ్యి వెలగదు.

2020 మార్చిలో కోవిడ్ వల్ల సరిహద్దులు మూసేశాక అది కళ్లారా చూశాను. దేశంలోని వాళ్లే విహారానికి వచ్చినా వండేవాళ్లు, వడ్డించేవాళ్లు లేక వారంలో కొన్ని రోజులు క్యాఫే మూసుకున్నాం. రెండేళ్లకు, 2022 మార్చిలో ఈ వీసాలు మళ్లీ మొదలయ్యాయి. అప్పటికి భయం నాలో పాతుకుపోయింది. నా తప్పు అక్కడే మొదలైంది. పని అడిగిన ప్రతి ఒక్కరినీ చేర్చుకున్నాను. నలుగురు చాలిన చోట ఎనిమిది మందిని పెట్టి, ఉన్న గంటలే అందరికీ పంచాను. ఒప్పందం కాగితంలో వారానికి ఇన్ని గంటలని రాయలేదు. ఎవరైనా మానేస్తే ఇంకొకరు ఉంటారన్న ధైర్యం కోసం చేసిన పని అది.

కొన్ని వారాలకే ఒక్కొక్కరూ మానేయసాగారు. వీళ్లకు నిలకడ లేదని తోటి యజమానులతో అన్నాను, నమ్మాను కూడా. మానేసి వెళ్తున్న ఒక ఫ్రెంచి అమ్మాయి కోపం లేకుండా లెక్క చెప్పింది. 2023లో కనీస వేతనం గంటకు 22.70 డాలర్లు. నేనిచ్చిన 20 గంటలకు 454 డాలర్లు, పన్ను పోగా 400కు అటూ ఇటూ. ఇద్దరు పంచుకునే గదిలో ఒక మంచానికి ఆమె కట్టే అద్దె అందులో సగం దాటింది. అదీ గంటల గ్యారంటీ లేని పని అని తెలిస్తే ఆ మంచం కూడా దొరకదు. ఇంటి యజమానులు ముందు ఆదాయం అడుగుతారు. ఊళ్లో చాలా ఇళ్లు పర్యాటకులకు రోజువారీ అద్దెకు పోతున్నాయి. మా దగ్గర పనిచేసిన కొందరు గడ్డకట్టే చలిలో వ్యాన్లలో పడుకుని పనికి వచ్చేవారని నాకు అప్పుడే తెలిసింది. పొద్దున ఆలస్యంగా వచ్చారని వాళ్లనే గదమాయించాను.

ఇది నాకు తెలియని బాధేమీ కాదు. నేను వచ్చినప్పుడు భారతీయులకు న్యూజిలాండ్ వర్కింగ్ హాలిడే వీసా లేదు. నేను విద్యార్థి వీసా మీద వచ్చి, వారానికి 20 గంటల పరిమితిలో గిన్నెలు కడిగాను. అద్దె కట్టే రోజు దగ్గరపడితే కడుపులో ఎలా ఉండేదో యజమానినయ్యాక మరిచిపోయాను.

ఇప్పుడు తక్కువ మందిని తీసుకుంటాం. వారానికి 30 గంటలకు తగ్గదని ఒప్పందంలో రాస్తాం; జనం రాని వారంలోనూ ఆ జీతం ఇస్తాం. ఒక ఇల్లు లీజుకు తీసుకున్నాం. అద్దెను జీతంలోంచి కోయాలంటే వాళ్ల రాతపూర్వక అంగీకారం కావాలని చట్టం చెబుతుంది, అలాగే చేస్తున్నాం. పని పోయిన రోజే గూడు కూడా పోకుండా, మానేశాక మరో ఇల్లు వెతుక్కునే గడువు కూడా రాసిస్తున్నాం. వంటగదికి పెద్దగా ఇక్కడే స్థిరపడిన ఒకావిడను పెట్టుకున్నాం. లాభం కొంత తగ్గింది. స్కీ సీజన్ మధ్యలో మానేసేవాళ్లు దాదాపు లేరు. జీతమూ పడకా సరిగా చూపలేని వ్యాపారానికి ఆ పిల్లల్ని పిలిచే హక్కు లేదని నా అభిప్రాయం.

2024 నుంచి ఆస్ట్రేలియా వర్కింగ్ హాలిడే తరహా వీసాను 18 నుంచి 30 ఏళ్ల భారతీయులకు లాటరీ పద్ధతిలో ఏడాదికి 1000 మందికి ఇస్తోంది. మన పిల్లలూ ఇలాంటి ఊళ్లకు బయల్దేరుతారు. అమ్మా, నాన్నా, విమానం టికెట్ కొనేముందు యజమానిని రెండు విషయాలు అడగమని చెప్పండి: వారానికి కనీసం ఎన్ని గంటలు, రాత్రి పడక ఎక్కడ. జవాబు కాగితం మీద ఇవ్వని వాడి దగ్గరికి పంపకండి.