పది సెకన్ల లెక్క

2025 జూన్ 9, సోమవారం

వారం ఫిర్యాదుతోనే మొదలైంది. కొత్త డేటా సెంటర్‌కి మార్చిన వర్చువల్ మెషీన్లలో ఒకటైన బిల్లింగ్ సర్వర్‌కి ఎస్‌ఎస్‌హెచ్ కొడితే, పాస్‌వర్డ్ అడగడానికే పది సెకన్లు పడుతోందట. మేనేజర్ గారి మందు ఎప్పుడూ ఒకటే: "ఇంకో రెండు వీసీపీయూలు ఇచ్చేయండి, పోతుంది." ఇచ్చేముందు ఒకసారి చూస్తానన్నాను.

లోపలికి వెళ్లాక ఏ కమాండ్ కొట్టినా చటుక్కున పలుకుతోంది. లోడ్ యావరేజ్ 1 కూడా దాటలేదు, స్వాప్ వాడుకలో లేదు. మాది కేవీఎం కాబట్టి టాప్‌లో 'ఎస్‌టీ' చూశాను: సున్నా. అంటే మనకి రావలసిన ప్రాసెసర్ సమయాన్ని హోస్ట్ మీద పక్క మెషీన్లు తినేయడం లేదు.

ఇంకో సంగతి. ఉదయం రద్దీలోనూ పది సెకన్లే, రాత్రి ఎవరూ లేనప్పుడూ పది సెకన్లే. పని ఎక్కువై నెమ్మదించిన సర్వర్‌కి ఇంత నిలకడ ఉండదు. ఎవరి జవాబు కోసమో కాచుకుని, గడువు తీరాక కదులుతోంది.

జూన్ 10, మంగళవారం

కొత్తగా చేరిన కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాను. ముందు హైపర్‌వైజర్ కన్సోల్ నుంచి లాగిన్ అయ్యాం. ఆలస్యమే లేదు. షెల్, హోమ్ డైరెక్టరీ రెండు దారుల్లోనూ ఉన్నవే కాబట్టి వాటిమీద అనుమానం పోయింది. తర్వాత ఎస్‌ఎస్‌హెచ్‌కి మూడు 'వి'లు తగిలించి చూశాం. కీ ఎక్స్ఛేంజ్ అయిపోయింది, సర్వీస్ యాక్సెప్ట్ వచ్చింది, అక్కడ ఆగింది.

"అన్నా, ఇటువైపు పనంతా అయిపోయింది. ఇక ఆలోచిస్తున్నది సర్వరే కదా?" అన్నాడు. సరిగ్గా పట్టుకున్నాడు.

సర్వర్‌లో 2222 పోర్టు మీద ఇంకో ఎస్‌ఎస్‌హెచ్‌డీని లేపి, దానికి ఎస్‌ట్రేస్ పెట్టాం. 53వ పోర్టుకి ఒక ప్యాకెట్ వెళ్లింది. 5 సెకన్లు నిశ్శబ్దం. తర్వాత రెండో నేమ్‌సర్వర్‌ని అడిగితే వెంటనే జవాబు. మళ్లీ ఇంకో ప్రశ్న, మళ్లీ మొదటి నేమ్‌సర్వర్ దగ్గర 5 సెకన్లు.

లెక్క తేలింది. వచ్చిన ఐపీ ఎవరిదని ఎస్‌ఎస్‌హెచ్‌డీ ముందు పేరు అడుగుతుంది. ఆ పేరు నిజంగా ఆ ఐపీకే చెందుతుందా అని తిరిగి అడుగుతుంది. ప్రశ్నలు రెండు. రిజాల్వర్ ఒక నేమ్‌సర్వర్ కోసం మామూలుగా ఆగే గడువు 5 సెకన్లు. రిజాల్వ్ కాన్ఫ్‌లో మొదటి వరుసలో ఉన్నది పాత డేటా సెంటర్‌లో ఎప్పుడో ఆపేసిన నేమ్‌సర్వర్. నిర్ధారణ కోసం నా పీసీ ఐపీని ఈటీసీ హోస్ట్స్‌లో రాశాం. పాస్‌వర్డ్ వెంటనే అడిగింది.

జూన్ 11, బుధవారం

ఎస్‌ఎస్‌హెచ్‌డీ ఈ పేర్లు అడగడం మానేసేలా 'యూజ్‌డీఎన్‌ఎస్ నో' అని రాసేసి ఫిర్యాదు మూసేద్దామని ఒకరి సలహా. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 6.8 నుంచి, అంటే 2015 నుంచి, డిఫాల్ట్ అదే. మెషీన్లు తయారుచేసే మా టెంప్లేట్‌లో ఎవరో పనిగట్టుకుని 'యెస్' పెట్టారు. కానీ అదొక్కటే మారిస్తే లాగిన్ గొడవ పోతుంది తప్ప, చచ్చిన నేమ్‌సర్వర్ అక్కడే ఉంటుంది. డేటాబేస్‌కైనా, మెయిల్‌కైనా ఈ సర్వర్ పేరుతో వెళ్లే ప్రతిచోటా 5 సెకన్లు పోతూనే ఉంటాయి.

అందుకని ముందు నేమ్‌సర్వర్ మార్చాం. ఫైల్‌ని చేత్తో దిద్దితే నెట్‌వర్క్ మేనేజర్ తిరగరాస్తుంది కాబట్టి ఎన్ఎంసీఎల్ఐతో కనెక్షన్‌లోనే మార్చాం. ఆథరైజ్డ్ కీస్‌లో హోస్ట్ పేర్లతో పెట్టిన 'ఫ్రమ్' షరతులేవీ లేవని చూసుకున్నాకే యూజ్‌డీఎన్‌ఎస్ 'నో' చేశాం. ఉంటే అవి పనిచేయకుండా పోయేవి. చివరగా టెంప్లేట్ కూడా సరిచేశాం. లేకపోతే రేపు దాన్నుంచి పుట్టే ప్రతి మెషీనూ ఈ జబ్బుతోనే పుడుతుంది.

జూన్ 13, శుక్రవారం

ఇంకో సర్వర్ మీద ఫిర్యాదు. ఈసారి పాస్‌వర్డ్ ఇచ్చాక 25 సెకన్లు. ఆ అంకె చూడగానే కుర్రాడు డీబస్ అన్నాడు. జవాబు కోసం డీబస్ డిఫాల్ట్‌గా కాచుకునే గడువు అదే. జర్నల్‌లో పామ్ సిస్టమ్‌డీ సెషన్ సృష్టించలేకపోయిందని, గడువు తీరిందని ఉంది. అప్‌డేట్ తర్వాత డీబస్‌ని రీస్టార్ట్ చేసి, సిస్టమ్‌డీ లాగిన్‌డీని అలాగే వదిలేశారు. దాన్ని కూడా రీస్టార్ట్ చేస్తే సరిపోయింది.

కుర్రాడి కోసం రాసిపెడుతున్నాను. ఆలస్యం పాస్‌వర్డ్ అడగకముందా, ఇచ్చాకా? ప్రతిసారీ ఒకే అంకెనా, రోజుకో రకంగా ఉందా? ఒకే అంకె అయితే ఏదో టైమ్‌అవుట్, దాన్ని వెతకాలి. రోజుకో రకంగా ఉంటే అప్పుడు ఎస్‌టీ, డిస్క్, బ్యాకప్ వేళలు చూడాలి. వీఎంవేర్ మీదైతే గెస్ట్‌లో ఎస్‌టీ సున్నా కనబడిందని నమ్మకుండా హోస్ట్ వైపు సీపీయూ రెడీ చూడాలి.

బిల్లింగ్ సర్వర్‌కి అదనంగా ఒక్క వీసీపీయూ కూడా ఇవ్వలేదు.