వేడి అందఱిది, పొగ ఒక్కరిది



క్రిస్మసు మొదలు సంక్రాంతి వఱకు కురియు మంచులో పొయ్యి రాజవేయుట యెంత కష్టమో మీ యిండ్లలోని తల్లులకు బాగుగా తెలియును. 2016లో ఉజ్వల పథకము ప్రారంభమైన తరువాత అనేక పేద కుటుంబములకు గ్యాసు పొయ్యి వచ్చినది. అయినను స్నానమునకు నీళ్లు కాచుటకు, పశువులకు ఉలవలు ఉడికించుటకు నేటికిని అనేక పల్లెలలో కట్టెలే ఆధారము. మా యింటను అంతే. నాకు ఏబది యేండ్లు దాటినవి. చలికాలమునకు కావలసిన కట్టెలు నేనే కొట్టుదును. ఎందుకో చెప్పెదను.

నా చిన్నతనమున మా అమ్మ ప్రతి ఉదయమును పచ్చి తుమ్మకట్టెతోను, మంచుకు తడిసిన కందికంపతోను పోరాడెడిది. గొట్టముతో ఊది ఊది ఆమె కన్నులు ఎఱ్ఱబారెడివి. మేమందఱము వేడినీళ్లు పోసికొని బడికి పోయెడివారము; పొగ మాత్రము ఆమె పాలయ్యెను. దగ్గు ఆమెను కడవఱకు విడువలేదు. వేడి అందఱిది, పొగ ఒక్కరిది అగుట న్యాయమా?

పచ్చికట్టె బరువులో ఇంచుమించు సగము నీరే యుండును. నిప్పు మొదట ఆ నీటిని ఆవిరి చేయవలెను గనుక వేడి తగ్గి పొగ హెచ్చును. ఆ పొగ కన్నులకే గాక ఊపిరితిత్తులకును చేటు. ఇండ్లలోని పొయ్యిపొగ మూలముగా 2020లో లోకమంతట ఇంచుమించు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టినది.

కాబట్టి చలికాలపు కట్టెల పని ఎండకాలముననే ఆరంభించవలెను. బెరడుతోనున్న మొద్దులో తడి చాలకాలము నిలుచును. చీల్చిన కట్టె త్వరగా ఎండును. క్రింద రాళ్లు పెట్టి, వాటిపై చీలికలు పేర్చి, పైన తాటాకు కప్పి, ప్రక్కలను గాలికి విడువుడి. రెండు కట్టెలను ఒకదానితో నొకటి తట్టినప్పుడు ఖంగుమని మ్రోగినయెడల ఎండినవని తెలిసికొనవచ్చును. మఱునాటికి కావలసిన కట్టెలను సాయంకాలమే పంచలోనికి చేర్చినయెడల మంచుకు తడియవు.

గొడ్డలి పట్టుట బోధకునికి తగదనువారు కొందఱున్నారు. ఓడ పగిలి మెలితే ద్వీపమున చలికి వణకుచున్నవారి నడుమ పౌలు తానే పుల్లలు ఏరుకొని వచ్చెను. అపొస్తలుల కార్యముల 28వ అధ్యాయము చూడుడి. ఆ పుల్లలలోనుండియే పామును వెడలినది. మీరును కట్టెల కుప్పను ముందు కఱ్ఱతో తట్టి, పిమ్మట చేయి పెట్టుడి. తేళ్లకు అది యిష్టమైన చోటు.

సహోదరులారా, మీ యింట పొయ్యి ఊదునది ఎవరు? తల్లియా, భార్యయా, కోడలా? ఆమె మోపు మోయుచుండగా మనము అరుగుమీద కూర్చుండి ప్రేమనుగూర్చి మాటలాడుట తగునా? ఈ వేసవిలో గొడ్డలికి పదును పెట్టుడి. మీ కుమారులకును ఆ పని నేర్పుడి. మీ వీధిలో ఒంటరిగానున్న ముసలమ్మ గుమ్మమునొద్ద ఎండిన కట్టెల మోపొకటి దించి రండి. ఆ ఉదయము ఆమె దగ్గకుండ నీళ్లు కాచుకొనును.