రెండు కొసలూ చూసి మధ్యలో వదిలేసిన పేగు

ఈసారి మిరప గురించి కాదు, కడుపు గురించి. పోస్టు కొంచెం పొడుగుంది, ఓపిగ్గా చదవండి.

మా తమ్ముడికి ఏడాదిన్నర బట్టి అన్నం తిన్న గంటకల్లా బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు నొప్పి. కడుపు ఉబ్బి గుడగుడమంటది, వాంతి అయితేగాని తగ్గదు. 68 కిలోల మనిషి 54కి దిగాడు. ఆర్‌ఎంపీ గ్యాస్ బిళ్ళలు అయినాయి. టౌన్లో ఒక ఆసుపత్రిలో నోట్లోంచి ఎండోస్కోపీ చేసి బాగుందన్నారు. ఇంకోచోట అల్ట్రాసౌండ్ తీసి, గ్యాస్ అడ్డమొచ్చి పేగులు సరిగా కనపడలేదని రాసి, దిగులు పెట్టుకోవద్దని పంపారు. కోతలప్పుడు మనిషి మంచంలో ఉంటే దిగులెట్లా పోద్దయ్యా?

చివరికి గుంటూరులో ఒక పేగుల డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. నోటి గొట్టం పొట్ట దాటి చిన్నపేగు మొదట్లోనే ఆగిపోతుంది. కింద నుంచి పెట్టే కొలనోస్కోపీ ఐదడుగుల పెద్దపేగు చూసి, చిన్నపేగు చివరి కొసలోకి తొంగిచూస్తుంది, అంతే. మధ్యలో ఇరవై అడుగుల దాకా చిన్నపేగు చుట్టలు చుట్టుకొని ఉంటుంది. పైపులైను రెండు మూతులూ చూసి లైనంతా బాగుందంటే మనం ఒప్పుకుంటామా?

దీనికి సీటీ ఎంటరోగ్రఫీ అని వేరే స్కాన్ ఉంది. ఖాళీ పేగు ముడుచుకుపోయి ఉంటుంది, గోడ మందం తెలియదు. అందుకని ముందు లీటరున్నర మందునీళ్ళు ముప్పావుగంటలో కొంచెం కొంచెంగా తాగించారు. పేగు నిండి విచ్చుకున్నాక నరానికి అయోడిన్ మందు ఎక్కించి ఫోటోలు తీశారు. వాచిన చోట గోడ మెరుస్తూ కనపడుతుందంట. కిడ్నీ జబ్బు, షుగరు ఉన్నోళ్ళు ముందే చెప్పాలి, ఆ మందు కిడ్నీ మీద పడే ప్రమాదం ఉంది. ఆ సాయంత్రమంతా వాడు బాత్రూం వదల్లేదనుకోండి. మాటిమాటికీ స్కాన్ అవసరమయ్యే పడుచు పిల్లలకైతే ఇదే పద్ధతిలో ఎమ్మారై తీస్తారు, దానికి ఎక్స్‌రే కిరణాల బెడద లేదు.

మా అల్లుడు కెమెరా బిళ్ళ మింగిస్తే పోదా అన్నాడు. అది ఇజ్రాయెల్‌లో క్షిపణులకు కెమెరాలు చేసిన గావ్రియెల్ ఇడ్డాన్ అనే ఇంజినీరు ఆలోచన, 2001లో అమెరికా అనుమతి వచ్చింది. మంచిదే. కానీ అంగుళం పొడుగున్న బిళ్ళ ఇరుకులో ఇరుక్కుంటే కోసి తీయాల్సి రావచ్చు. తమ్ముడి స్కాన్‌లో చిన్నపేగు చివర రెండు ఇరుకులు కనపడ్డాయి. ఇంక ఆ మాట ఎత్తలేదు.

ఇరుకు, వాపు చూసి టీబీ అనొచ్చు, క్రోన్స్ జబ్బనీ అనొచ్చు, ఫోటోలో రెండూ ఒకేలా ఉంటాయట. క్రోన్స్ అనుకొని రోగనిరోధక శక్తి తగ్గించే మందులిస్తే లోపలున్న టీబీ విజృంభిస్తుంది. అందుకే కొలనోస్కోపీతో ముక్క తీసి పరీక్షకు పంపారు. టీబీ అని తేలింది. ఒక్కనాడూ దగ్గిన మనిషి కాదు!

మందులు సర్కారువే, పైసా లేదు, ఆరు నెలలు. తిండి కోసం నెలకు 1000 రూపాయలు ఖాతాలో వేస్తారు. రెండు నెలలకే నాలుగు కిలోలు పెరిగాడు, పొలం గట్టుదాకా వస్తున్నాడు. కోర్సు అయ్యాక మళ్ళీ అదే స్కాన్. వాపు వల్ల వచ్చిన ఇరుకైతే విచ్చుకుంటుంది, మచ్చకట్టిన ఇరుకైతే ఆపరేషన్ కావాల్సి రావచ్చన్నారు. చూడాలి.