పెదవులు కదిపిన పిల్ల

జహీరాబాద్‌లో రిటైరైన ఓ డ్రిల్ సారు ఇంట్లో ఈమధ్య టీవీ ముందు ఒకటే వాదన. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు ఖరారైనప్పటి నుంచీ మనవరాలు ప్రారంభోత్సవానికి పట్టిక వేస్తోంది. డ్రోన్లు ఉండాలట. అన్ని రాష్ట్రాల డాన్సులూ ఉండాలట, రాష్ట్రానికి రెండు నిమిషాల చొప్పున!

తెలుగు, ఉర్దూ, కన్నడం కలగలిపి బేరమాడే జహీరాబాద్ బజారు ఏ రెండు నిమిషాల్లో పడుతుందో మరి. తాత నవ్వి ఊరుకుంటారు. అలాంటి పట్టిక ఆయనా ఒకటి రాశారు.

2003 అక్టోబరులో హైదరాబాద్‌లో ఆఫ్రో ఏషియన్ క్రీడలు జరిగాయి. ఆ ఊపులో స్కూలు పిల్లల ఆటల పోటీల ప్రారంభం కూడా ఘనంగా ఉండాలనుకున్నారు. కిరాయి దుస్తులు, పాటల క్యాసెట్, భారతమాత వేషం... అన్నీ కుదిరాయి. ఏడో తరగతి పిల్ల ఒకతి సారు దగ్గరికొచ్చింది. పొద్దున ప్రార్థనలో అందరికన్నా పైకి వినిపించే గొంతు ఆమెదే.

''సార్, మా అవ్వ పాట పాడ్తా. ఇత్తనాల పాట.''

''పెద్దపెద్దోళ్లు వస్తున్నరు బిడ్డా, గా పాటలెందుకు?'' అన్నారు సారు. క్యాసెట్‌కు పెదవులు కదిపే వరసలో నిలబెట్టారు. ఆ పిల్ల బుద్ధిగా కదిపింది. చప్పట్లు బాగానే పడ్డాయి.

చుట్టుపక్కల పల్లెల్లో అలాంటి పాటలకు ఓ జాతరే ఉంది. పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు రెండు దశాబ్దాలకు పైగా సంక్రాంతి వేళ జరుపుతున్న పాత పంటల జాతర అది. జొన్న, కొర్ర, సామ, తైద విత్తనాలతో ముస్తాబైన ఎడ్లబండ్లు నెల రోజులపాటు ఊరూరా తిరుగుతాయి. బండి ముందు పాడేది ఆ పంటలు పండించే ఆడవాళ్లే. ఎవరూ వేషం కట్టరు. (ఇదే జొన్నకంకిని థర్మాకోల్‌తో చేసి స్టేడియంలో తిప్పితే మాత్రం మళ్లీ మొదటికొచ్చినట్టే!)

2008లో బీజింగ్ ఒలింపిక్స్ ప్రారంభంలో తెర మీద పాడింది ఒక పాప, గొంతు మరో పాపది అని బయటపడింది. 56 జాతుల దుస్తుల్లో నడిచొచ్చిన పిల్లలూ ఆ జాతుల వాళ్లు కారని తేలింది. దేశం పరువు కోసమేనన్నారు నిర్వాహకులు. చైనాను తిట్టేవాళ్లు తిట్టారు. పేపర్లో అది చదివిన రోజు సారుకు మాత్రం అన్నం సయించలేదు. ఆయన కళ్ల ముందు మెదిలింది బీజింగ్ కాదు, తమ స్కూలు గ్రౌండు.

నాలుగేళ్లకు లండన్ ఒలింపిక్స్ వచ్చాయి. ఆస్పత్రి మంచాల మధ్య నిజం నర్సులే వచ్చి ఆడారు. ''గట్లుండాలె'' అన్నారు సారు, ఇంట్లో ఎవరూ అడగకుండానే.

మొన్న ఆ పిల్ల సంగతంతా మనవరాలికి చెప్పారు. అమ్మాయి పట్టిక పక్కన పెట్టి అడిగింది...

''ఆ పాటేంది తాతా?''

సారు చాలాసేపు గుమ్మంకేసి చూస్తూ కూర్చున్నారు. ఆ రోజు ఆయన దాన్ని విననే లేదు.