ఇంజను నడక, పద్యం నడక

అమెరికాలోని మా అబ్బాయి, తన పాత గడ్డికోత యంత్రం ఆగి ఆగి నడుస్తోంటే, పారవేసి క్రొత్తది కొంటానన్నాడు. "ఒక్క పూట ఆగు నాయనా" అన్నాను.

ఆ పాతకాలపు కార్బ్యురేటర్‌లో పెట్రోలు పాలును దిద్దే స్క్రూ ఒకటుంటుంది. దానిని బిగించకుండా, మెల్లగా చివరంటా లోనికి త్రిప్పి, సుమారు 1½ చుట్లు వెనుకకు తీయాలి. ఇంజను 5 నిమిషాలు నడిచి వేడెక్కిన పిమ్మట, లోనికి త్రిప్పితే పెట్రోలు చాలక తడబడుతుంది. వెలికి త్రిప్పితే ఎక్కువై మూలుగుతుంది. ఆ రెంటి నడిమి చోటే దాని స్థానం.

గణం తప్పిన పాదాన్ని పట్టే చెవికి ఇదేమంత కష్టం? అయితే, "ఇదిగో, ఇక్కడ సరిపోయింది నాన్నగారూ" అని ముందుగా పట్టినది మావాడే. పద్యం వినడానికి ఏనాడూ నా ప్రక్కన కూర్చోని వాడు! వినే చెవి వాడికీ ఉన్నది మిత్రులారా, వినే విషయమే వేరు!