తాపం, తాపీ

పసిపిల్లకు జ్వరం వచ్చిందంటే సాధారణంగా లోపలికి చొరబడిన సూక్ష్మజీవితో ఒళ్ళు పోరాడుతోందని అర్థం. ఒంటి వేడిని అదుపులో ఉంచే భాగం ఒకటి మెదడులో ఉంది. మామూలు రోజుల్లో 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలిపి ఉంచే వేడిని, అవసరం పడినప్పుడు అదే పైకి జరుపుతుంది. ఆ వేడిలో చాలా సూక్ష్మజీవులు చురుగ్గా పెరగలేవు. కాబట్టి జ్వరాన్ని ఆనవాలు లేకుండా దించడం ఇంటివాళ్ళ పని కాదు. బిడ్డ బాధ తగ్గించడం, పాలు తాగేలా చూడటం, దవాఖానకు బయల్దేరాల్సిన ఘడియను గుర్తుపట్టడం, ఈ మూడే వాళ్ళ వంతు.

సూరత్‌లో జ్వరాన్ని ‘తావ్’ అంటారు. సంస్కృతంలోని తాపమే గుజరాతీ నోట అలా మారింది. నగరం గుండా పారే తాపీ నది పేరూ ఆ కుదురులోదే. పురాణాల్లో ఆమె సూర్యుడి కూతురు తపతి. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి లింబాయత్ చుట్టుపక్కల స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలకు ఈ మాట పట్టుబడటం కష్టమేమీ కాదు. కష్టమల్లా వేరే చోట ఉంది. కరీంనగర్‌లోనో నల్లగొండలోనో అయితే బిడ్డ ఒళ్ళు వెచ్చబడగానే అమ్మమ్మ వచ్చి నుదురు పట్టి చూసేది. ఇక్కడ ఒంటిగదిలో తల్లి ఒక్కతే ఉంటుంది. తండ్రి పవర్‌లూమ్ మీద పన్నెండు గంటల షిఫ్టులో ఉంటాడు.

అమ్మమ్మ అరచేయి వేడి ఉందని చెప్పగలదు కానీ ఎంతుందో చెప్పలేదు. అందుకు థర్మామీటరు కావాలి. పగిలితే పాదరసం చిందే గాజుదాని కన్నా డిజిటల్‌ది మేలు. చంకలో చెమట తుడిచి, కొన ఒంటికి తగిలేలా పెట్టి, బీప్ వినపడేదాకా చేయి అదిమి ఉంచాలి. శరీరం లోపలి వేడి 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారన్‌హీట్ చేరితే జ్వరం కింద లెక్క. చంకలో అది కాస్త తక్కువగా కనిపిస్తుంది. మే నెల మధ్యాహ్నం రేకుల కప్పు కింద, రెండు గుడ్డల్లో చుట్టిన బిడ్డ ఒళ్ళు జ్వరం లేకుండానే వేడెక్కవచ్చు. అప్పుడు గుడ్డలు వదులు చేసి, గాలి తగిలే చోట పావుగంట ఉంచి మళ్ళీ చూడాలి.

అంకె చూశాక చూడాల్సింది వయసు. మూడు నెలలు నిండని బిడ్డకు జ్వరమొస్తే ఇంటి వైద్యం లేదు, మందు పోసి చూద్దామనే మాటా లేదు. అప్పటికప్పుడు డాక్టరుకు చూపించాలి. రెండు నెలల్లోపు పిల్లకైతే చంకలో 99.5 చూపినా చాలు. అంత పసికందుకు ఒళ్ళు మరీ చల్లబడటమూ ప్రమాదమే. జ్వరం విషయంలో మినహాయింపు ఒక్కటే: ఆరు, పది, పద్నాలుగు వారాలప్పుడు వేసే పెంటావాలెంట్ టీకా తర్వాత ఒకటి రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడటం మామూలే. దానికి టీకా వేసిన నర్సు చెప్పిన మందు చెప్పిన మోతాదులోనే వాడాలి. బిడ్డ నలతగా కనిపించినా, రెండు రోజులు దాటినా చూపించాల్సిందే.

మూడు నెలలు దాటి, పాలు తాగుతూ, మధ్యమధ్య నవ్వుతున్న బిడ్డను ఇంట్లోనే కనిపెట్టుకుని ఉండవచ్చు. ఒంటిమీద పలచని నూలు బట్ట ఒక్కటి ఉంటే సరి. సూరత్ దేశానికంతటికీ పాలియెస్టర్ చీరలు నేస్తుంది గానీ ఆ గుడ్డ చెమట పీల్చదు. జ్వరపు బిడ్డకు తాతల నాటి నూలే హితవు. తడిగుడ్డతో తుడవాలనుకుంటే గోరువెచ్చని నీళ్ళే వాడాలి. ఐసు నీళ్ళు పోస్తే చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుపోయి, వణుకు పుట్టి, లోపలి వేడి ఇంకా పెరుగుతుంది. స్పిరిటుతో తుడిస్తే అది చర్మంలోంచి ఇంకి విషమవుతుంది. లంఖణం పరమౌషధమన్న సామెత పసిపిల్లకు వర్తించదు. జ్వరంలో ఒంటి నీరు త్వరగా ఆవిరవుతుంది కనుక తల్లిపాలు మామూలు కన్నా ఎక్కువసార్లు ఇవ్వాలి. ఆరు నెలలు దాటినవాళ్ళకు కాచి చల్లార్చిన నీళ్ళు, పలచటి జావ కూడా పట్టవచ్చు.

ఇంట్లో వాడదగ్గ జ్వరం మందు పారాసిటమాల్ ఒక్కటే. మోతాదుకు కొలత వయసు కాదు, బరువు: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. ఒకసారికీ ఇంకోసారికీ మధ్య నాలుగు నుంచి ఆరు గంటల ఎడం ఉండాలి. ఆరు కిలోల బిడ్డకు 60 నుంచి 90 మిల్లీగ్రాములు సరిపోతుంది. అసలు తిరకాసు సీసా దగ్గర వస్తుంది. చుక్కల మందులో సాధారణంగా ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉంటాయి. మామూలు సిరప్‌లో 125 మిల్లీగ్రాములకు 5 మిల్లీలీటర్లు పడతాయి. సిరప్ కొలతతో చుక్కల మందు పోస్తే నాలుగింతలు లోపలికి పోయి కాలేయం దెబ్బతింటుంది. సూరత్ నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది, మందు సీసా మీద మాత్రం తెలుగు ఉండదు. కాబట్టి ఏ సీసాకు ఎంతో డాక్టరు చేతనే ముందుగా రాయించుకోవాలి. ఇంకో పొరపాటు షిఫ్టు మారే వేళ జరుగుతుంది. తల్లి ఏడింటికి పోసిన మందు తెలియక తండ్రి ఎనిమిదింటికి మళ్ళీ పోస్తాడు. వేళా, వేడీ, మోతాదూ కాగితం మీద రాసి గోడకు అంటిస్తే ఆ చిక్కు ఉండదు. ఆస్ప్రిన్ పిల్లలకు ఇవ్వకూడదు. నిమెసులైడ్ అనే జ్వరం మందును పన్నెండేళ్ళలోపు వారికి వాడకుండా మన ప్రభుత్వం 2011లోనే నిషేధించింది.

ఆరు నెలల నుంచి అయిదేళ్ళ మధ్య కొందరు పిల్లలకు జ్వరంతో పాటు ఫిట్స్ వస్తాయి. చూసేవాళ్ళ గుండె జారిపోతుంది కానీ, చాలావరకు అవి అయిదు నిమిషాల్లోపే ఆగిపోయి మచ్చ మిగల్చకుండా పోతాయి. బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడటమే అప్పుడు చేయాల్సింది. తాళాల గుత్తి చేతిలో పెట్టడం, పళ్ళ మధ్య చెంచా దూర్చడం, నోట్లో నీళ్ళు పోయడం పనికిరావు. మనవైపు వాతలంటారు, గుజరాత్‌లో డామ్ అంటారు. కాల్చిన ఇనుముతో పసి ఒంటి మీద చురకలు పెట్టే ఆ ఆచారం వల్ల మిగిలేది పుండూ, దానిమీద చీమూ. మొదటిసారి ఫిట్స్ వస్తే, ఆగిపోయినా సరే, ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

ఆగకుండా బయల్దేరాల్సిన గుర్తులు కొన్ని ఉన్నాయి. బిడ్డ పాలు ముట్టకపోవడం, తాగినదంతా కక్కడం, లేపినా మగతగా ఉండటం, డొక్కలు ఎగరేయడం, ఏడాదిలోపు బిడ్డ నిమిషానికి యాభై సార్లో అంతకు మించో ఊపిరి తీయడం, ఆరేడు గంటలుగా ఉచ్చ పోయకపోవడం, నడినెత్తిన మెత్తని మాడు ఉబ్బడం లేదా గుంటపడటం, ఒత్తినా చెరగని ఎర్ర మచ్చలు, అయిదు నిమిషాలు దాటిన ఫిట్స్. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయాలి. 2005లో హైదరాబాద్‌లో మొదలైన ఆ నంబరు 2007 నుంచి గుజరాత్‌లోనూ పనిచేస్తోంది. నగరపాలక సంస్థ నడిపే స్మిమెర్, ప్రభుత్వ న్యూ సివిల్ ఆస్పత్రి రెండూ ఊళ్ళోనే ఉన్నాయి. గోడమీది కాగితాన్నీ వెంట తీసుకెళ్ళాలి. తల్లికి గుజరాతీ రాకున్నా ఆ అంకెలు డాక్టరుకు అర్థమవుతాయి.

వానాకాలంలో లెక్క మారుతుంది. నీళ్ళు నిలిచిన సూరత్‌లో జ్వరానికి మలేరియా, డెంగీ కారణమయ్యే అవకాశం ఎక్కువ. అందుకే ఒక రోజు దాటిన జ్వరానికి రక్తపరీక్ష చేయించడం మంచిది. డెంగీ అనుమానం ఉన్నంతవరకు ఐబుప్రోఫెన్ అనే మరో జ్వరం మందు జోలికి అసలే పోరాదు, అది రక్తస్రావానికి దారితీయవచ్చు. డెంగీలో ఇంకో మెలిక ఉంది. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య వేడి దిగిపోయి, ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకునే వేళకే అసలు గండం మొదలవుతుంది. కడుపునొప్పితో గుక్కపెట్టి ఏడవడం, ఆగని వాంతులు, చల్లబడ్డ చేతులు, చిగుళ్ళ నుంచి నెత్తురు అప్పుడే కనిపిస్తాయి. థర్మామీటరు 98 చూపించాక కూడా రెండు రోజులు బిడ్డను కనిపెట్టుకునే ఉండాలి. ఆ రెండు రోజులూ గడిచి, బిడ్డ ఎప్పటిలా పాలు తాగి ఆడుకుంటే తాపీగా ఊపిరి పీల్చుకోవచ్చు.