వెంగమాంబ మహావిశ్వాసం

తన భారమంతా భగవంతుడి మీద వేసి శరణు వేడడాన్ని శ్రీవైష్ణవులు ప్రపత్తి అంటారు. దానికి చెప్పిన ఆరు అంగాలలో, స్వామి తప్పక కాపాడతాడన్న నమ్మకానికి మహావిశ్వాసమని పేరు. కాపాడే జాడ ఎక్కడా కనిపించని వేళ కూడా సడలకుండా నిలిచినప్పుడే దానికి ఆ పేరు తగుతుంది గనుక, ఆరింటిలోనూ అదే కఠినమైనదని చెప్పాలి. తిరుమల చరిత్రలో ఆ విశ్వాసం ఎంతటిదో తరిగొండ వెంగమాంబ జీవితంలో కనిపిస్తుంది.

1730లో గుర్రంకొండ సమీపంలోని తరిగొండలో పుట్టిన వెంగమాంబకు చిన్ననాడే పెళ్లయింది, చిన్ననాడే భర్త పోయాడు. వితంతువు తల గొరిగించుకుని పసుపు కుంకుమలు విడవాలన్నది ఆనాటి కట్టుబాటు కాగా, వేంకటేశ్వరుడే తన భర్త అని నమ్మిన ఆమె రెండింటికీ ఒప్పుకోలేదు. బంధువులు తప్పుపట్టారు, ఊరు నిందించింది, పీఠాధిపతి చేత చెప్పించి చూశారు. చివరికి తరిగొండ నరసింహస్వామి గుడిలో ఆంజనేయ విగ్రహం వెనుక కూర్చుని చేసుకునే ధ్యానానికి కూడా అడ్డు తగిలారని ఆమె చరిత్ర చెబుతుంది. అండగా నిలిచే మనిషిగాని, స్త్రీ మాటను మన్నించే ధర్మపీఠంగాని లేని ఆ స్థితిలో ఆమె ఊరు విడిచి తిరుమల చేరింది.

కొండ మీద కూడా ఆమెకు అన్నీ సానుకూలంగా లేవు. కొన్నేళ్లు జనసంచారం లేని తుంబురు తీర్థంలో తపస్సు చేసింది. ఆమె చుట్టూ అల్లుకున్న మహిమల కథలను భక్తులు ఆదరంతో చెప్పుకుంటారు, చెప్పుకోవలసిందే. అయితే ఆ కథలన్నీ పక్కన పెట్టినా మిగిలేది తక్కువేమీ కాదు. కష్టం తీరాక పని మొదలుపెడదామని ఆమె ఆగలేదు. నృసింహ శతకం, వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం, వాసిష్ఠ రామాయణం, యోగాన్ని తేట తెలుగులో బోధించే రాజయోగామృతసారం, వీటితో పాటు యక్షగానాలు ఆమె రచించింది. యాత్రికులకు అన్నం పెట్టించింది. నమ్మకమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడమని అనుకునేవారికి ఈ గ్రంథరాశి, ఈ అన్నదానం చాలినంత సమాధానం.

1817లో తిరుమలలోనే ఆమె సిద్ధి పొందింది. రాత్రి స్వామిని పవళింపజేసే చివరి కైంకర్యమైన ఏకాంతసేవలో తాళ్లపాకవారి లాలి తరువాత ఇచ్చే ముత్యాల హారతి నేటికీ ఆమె పేరుతోనే జరుగుతోంది. గుడిలో ధ్యానానికి చోటు దక్కని ఆ స్త్రీ పేరే తిరుమలలో వేలాది యాత్రికులకు రోజూ ఉచితంగా భోజనం వడ్డించే మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రానికి తిరుమల తిరుపతి దేవస్థానం పెట్టింది.